మేనమామ పోలిక

ప్రశ్న: మాది గుంటూరు. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను, మావారు బ్యాంకులో చేస్తారు. మా బాబు విజయవాడలో హాస్టల్లో ఉండి ఎంపీసీ చదువుతున్నాడు. ఫస్టియర్‌లో 470కి 291 వచ్చాయి. మా బావగారి అబ్బాయి ఎన్‌ఐటీలో ఉన్నాడు. రిజల్ట్స్ వచ్చిన రోజు నుంచి మా అత్తగారు "మేనమామ పోలిక, ఇంకేం చదువుతాడు" అంటున్నారు. మావారు నవ్వి ఊరుకుంటారు. మా తమ్ముడు ఇంటర్ మధ్యలో ఆపేసి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు చూసుకుంటున్నాడు. పిల్లలకు తెలివి తల్లి వైపు నుంచే వస్తుందని వాట్సాప్‌లో చదివాను. నిజమేనా? లాలాజలం తీసుకుని డీఎన్‌ఏ టెస్టు చేసి, పిల్లాడికి ఏ చదువు సరిపోతుందో చెబుతామని ఒకరు 15 వేలు అడుగుతున్నారు. చేయించమంటారా?

జవాబు: టెస్టు వద్దమ్మా. ఆ 15 వేలు జాగ్రత్తగా ఉంచండి, దాంతో వేరే పని ఉంది.

వాట్సాప్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. మగపిల్లాడికి ఎక్స్ క్రోమోజోము తల్లి నుంచే వస్తుంది, అంతవరకు నిజం. అది పట్టుకుని తెలివంతా తల్లి తరఫుదే అనేశారు. చదువుతో సంబంధం ఉన్న జన్యువులు ఒక్క క్రోమోజోము మీద కుప్ప పోసి లేవు. 2022లో 30 లక్షల మంది డీఎన్‌ఏను కలిపి చూసినప్పుడు దాదాపు 4 వేల చోట్ల చిన్న చిన్న తేడాలు దొరికాయి. ఒక్కో తేడా విలువ చదివిన కాలంలో ఒకటి రెండు వారాలు. ఏళ్లు కాదు, వారాలు. అన్నీ కూడినా, మనుషుల మధ్య చదువులో కనిపించే తేడాల్లో 12 నుంచి 16 శాతానికే లెక్క దొరికింది. అదీ ఐరోపా మూలాలున్న జనంలో. ఒకే ఇంట్లో పుట్టిన వాళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కాస్త బలం కూడా ఇంచుమించు సగమైపోతుంది. ఈ తేడాలన్నీ కూడి వేసిన స్కోరు చూసి గుంటూరు పిల్లాడికి ఎంపీసీయా సీఈసీయా అని చెప్పేవాడికీ జాతకం చెప్పేవాడికీ నాకు పెద్ద తేడా కనిపించదు. జాతకం ఆయన ఇంత తీసుకోడు కూడా.

(పోయినేడాది ఒక తండ్రి వేలిముద్రలతో చేయించిన రిపోర్టు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. 30 రంగుల పేజీలు. అబ్బాయిలో నాయకత్వ లక్షణాలు దండిగా ఉన్నాయట. అబ్బాయి పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు.)

వంశం ప్రభావం అసలు లేదని నేను అనను. కవలల మీద చేసిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఎవరు ఎన్నేళ్లు చదివారన్న తేడాల్లో సుమారు 40 శాతం జన్యువులకు, మూడో వంతుకు పైగా పెరిగిన ఇంటికి చెందుతుందని తేలింది. దేశాన్ని బట్టి, తరాన్ని బట్టి ఆ అంకె మారుతుంది. పైగా అది జనం మొత్తం మీద లెక్క. మీ వాడి 291లో ఇన్ని మార్కులు రక్తానివి, ఇన్ని హాస్టల్‌వి అని ఎవరూ విడదీయలేరు. మీ తమ్ముణ్ణి అడగండి, ఇంతకన్నా బాగా చెబుతాడు. ఒకే ప్యాకెట్ తేజ రకం మిర్చి విత్తనం సాగర్ కాలువ మొదట్లో వేస్తే ఎంత పండుతుందో, నీళ్లు అందని చివరి చేలో ఎంత పండుతుందో రోజూ టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెట్టే మనిషికి తెలియదా?

ఇంకో లెక్క. మేనల్లుడిలో మేనమామతో కలిసే జన్యువులు సగటున నాలుగో వంతు. మనవడికీ నాయనమ్మకూ కలిసేవి కూడా నాలుగో వంతే. ఈ సంగతి వెళ్లి మీ అత్తగారికి చెప్పమని అనడం లేదు. మగపిల్లాడికి తల్లి పోలిక వస్తే అదృష్టమని బారసాల నాడు ఆవిడే అని ఉంటారు కూడా. పెద్దవాళ్లు అంటారు, పోతారు.

నాకు చిరాకు తెప్పించింది ఆవిడ మాట కాదు. మీ మౌనం.

మీ ఉత్తరం నాలుగు పేజీలు. పైన వేసింది అందులో కొంతే. మిగతాదాంట్లో మీ తమ్ముడి గురించి అక్కడక్కడా దొర్లిన వాక్యాలు నాలుగున్నాయి. మీ నాన్నగారు పోయేనాటికి మీరు డిగ్రీ ఫైనలియర్, అతను ఇంటర్ సెకండియర్‌లోకి వచ్చాడు, చదువు ఆపేశాడు. మీ బీఈడీ ఫీజు అతనే కట్టాడు. బాబు రెండో టర్మ్ ఫీజుకు 40 వేలు సర్దాడు, ఆ సంగతి మీవారికి తెలియదు. మొన్న ఆవకాయ కారానికి మిరపకాయలు తెచ్చి, గుమ్మంలోనే సంచి ఇచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఈ చివరిది మీరు అతని మీద ఫిర్యాదులా రాశారు. వాడికి ఈ మధ్య పొగరెక్కువైందని.

పొగరా? యార్డు నుంచి నేరుగా వచ్చిన మనిషి చొక్కాకు మిర్చి ఘాటు ఉంటుంది. లోపల మీ అత్తగారు తుమ్మారని మీరే రాశారు. తుమ్మి ఏమన్నారో రాయలేదు. అతను విన్నాడు కాబట్టే గడప దాటలేదని నేను అనుకుంటున్నాను.

ఒక తల్లికి, ఒక తండ్రికి పుట్టారు మీరిద్దరూ. సగటున సగం జన్యువులు కలిసేవే. పరిశోధకులు చదువును కొలిచేది చదివిన ఏళ్లతో. ఆ కొలతలో మీవి 16 ఏళ్లు, అతనివి 11. ఆ అయిదేళ్ల తేడా ఏ క్రోమోజోము మీద ఉంది? మీ నాన్నగారు పోయిన రోజు మీకు 20, అతనికి 17. ఇంట్లో ఒకరు ఆగాలి, అతను ఆగాడు. మీ 16లో చివరి ఏడాది అతను కొనిపెట్టిందే. "మా తమ్ముడికి చదువు అబ్బలేదు" అని మీరు ఎలా రాయగలిగారమ్మా? అబ్బకపోవడం వేరు, ఆపేయడం వేరు. లెక్కల టీచరు, మీకు నేను చెప్పాలా?

పుట్టింటి నుంచి వచ్చింది చీర కొంగులో దాచుకుని, పుట్టింటి వాళ్లను అన్న మాటను అన్నంతో పాటు మింగేసే ఆడవాళ్లను ఈ ఉద్యోగంలో చాలామందిని చూశాను. కాపురం కోసమే అంటారు. నాకు ఆ మాట మీద గౌరవం లేదు. మీవారు చెడ్డవారని నేను అనుకోవడం లేదు. ఆయన నవ్వుతున్నది ఫీజు ఎవరిచ్చారో తెలియక. ఆ తెలియనితనాన్ని కాపాడుతున్నది మీరు.

ఇక పిల్లాడు. 2018లో ఐస్‌లాండ్‌లో ఒక తమాషా తేలింది. తల్లిదండ్రుల్లో ఉండి బిడ్డకు సంక్రమించని జన్యువులకు కూడా బిడ్డ చదువు మీద ప్రభావం కనిపించింది, సంక్రమించిన వాటి ప్రభావంలో దాదాపు 30 శాతం. రక్తంలో రానిది ఎలా పనిచేసింది? పెంపకంలోంచి. తల్లిదండ్రులు ఇంటిని నడిపిన తీరులోంచి. మీ ఇంట్లో మీ వాడు ఏం వింటున్నాడు? నీకు మామయ్య పోలిక, మామయ్య అంటే పనికిరానివాడు అని. ఇది విన్న 17 ఏళ్ల పిల్లాడు ఫిజిక్స్ పుస్తకం తెరిచి ఏం చదువుతాడు? మీతో ఫోన్‌లో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాడనీ, మామయ్యతో మాత్రం అరగంట మాట్లాడతాడనీ రాశారు. వాడి తెలివికి అంతకన్నా రుజువేం కావాలి! తనను మనిషిగా చూసే చోటు ఏదో కనిపెట్టాడు.

291 మునిగిపోయే మార్కులు కావు. తగ్గిన సబ్జెక్టు ఏదో వాణ్ణే అడగండి, అసలు ఎంపీసీ ఇష్టపడి తీసుకున్నాడా అని అడగండి. నాలుగు పేజీల్లో మీరు వాణ్ణి ఒక్క ప్రశ్న అడిగినట్టు కనిపించలేదు. హాస్టల్లో ఎన్ని గంటలు నిద్రపోతున్నాడో కూడా కనుక్కోండి. తిండి, నిద్ర పాడైతే డాక్టరుకు చూపించండి, టెస్టుల వాళ్లకు కాదు.

ఇప్పుడు ఆ 15 వేలు. మీవారిని కూర్చోబెట్టి, 40 వేల సంగతి చెప్పండి. అత్తగారు పక్క గదిలో ఉంటే ఉండనివ్వండి. కోప్పడతారు, రెండు రోజులు మాట్లాడరేమో. మిగతా పాతిక వేలు మీ ఇద్దరి జీతాల్లోంచి తీసి, మీవారి చేతే ఇప్పించండి. మీ తమ్ముడు వద్దంటాడు, అయినా ఇవ్వండి. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేలోపు వెళ్తే కొట్లోనే దొరుకుతాడు. బాబును వెంట తీసుకెళ్లండి. మిరపకాయ చేత్తో పట్టుకుని తేమ ఎంతుందో, తాలు ఎంతుందో మామయ్య చెబుతుంటే తండ్రీకొడుకులిద్దరినీ పక్కన నిలబడి చూడనివ్వండి.

అతను తెచ్చిన కాయలు ఇంకా ఆడించి ఉండకపోతే మరీ మంచిది. ఆవకాయ కలిపే రోజు అతన్ని భోజనానికి పిలవండి. కొత్తావకాయ, వేడన్నం. విస్తరి మీ అత్తగారి పక్కనే వేయండి, వడ్డన మీరు చేయండి. ఆవిడ ఏమైనా అంటే, ఈసారి జవాబు మీరే చెప్పండి.