దాచింది ఎవరు, ఎవరి దగ్గర?

సందేహం: అమెరికా అణుబాంబు తయారీ మీద వ్యాసం రాస్తూ "ఓక్ రిడ్జ్ కార్మికులు బాంబు గుట్టును యుద్ధం ముగిసేదాకా దాచారు" అన్నాను. 'దాచారు' అనకూడదని మిత్రుడు అంటున్నాడు. నిజమేనా? ఎవరి పనికి కావలసినంతే వారికి తెలిసేలా అక్కడ పాటించిన 'కంపార్ట్‌మెంటలైజేషన్'ను 'విభాగీకరణ' అనవచ్చా?

సమాధానం: మీ మిత్రుడి మాటే సరి. గుట్టు దాచాలంటే ముందు అది తెలిసి ఉండాలి. టెనెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్‌లో, వై-12 కర్మాగారంలో మీటర్ల ముందు కూర్చున్న అమ్మాయిల్లో చాలామంది అప్పుడే హైస్కూలు చదువు ముగించి వచ్చినవారు. స్టూలు మీద కూర్చుని ముల్లునే చూస్తూ ఉండాలి. అది హద్దు దాటితే నాబ్ తిప్పి మళ్లీ చోటికి తేవాలి. ఆ ముల్లు వెనక బాంబుకు కావలసిన యురేనియం వేరుపడుతోందని వారికి ఎవరూ చెప్పలేదు. 1945 ఆగస్టు 6న హిరోషిమా వార్త వచ్చాకే వారిలో ఎక్కువమందికి సంగతి తెలిసింది. చూసిన కాస్త గురించి వారు పెదవి విప్పలేదు, అది వేరు. బాంబు గుట్టు వారు దాచినది కాదు, వారికి తెలియనివ్వనిది.

'దాచు' విషయంలో ఇంకో చిక్కు ఉంది. "అమ్మ నా దగ్గర డబ్బు దాచింది" అంటే నాకు అప్పగించింది. "అమ్మ నా దగ్గర నిజం దాచింది" అంటే నాకు చెప్పలేదు. 'దగ్గర' ఒకటే, అర్థాలు ఎదురెదురు. "ఓక్ రిడ్జ్ వాళ్ల దగ్గర బాంబు రహస్యం దాచారు" అని రాసి చూడండి, రెండర్థాలూ నిజమే అవుతాయి! తునకలు తునకలుగా వారి చేతుల్లోనే ఉంది, మొత్తంగా వారికి అందకుండా ఉంది. నాకు ఎంతో ఇష్టమైన వాక్యం ఇది. అయినా వ్యాసంలో వద్దు, పాఠకుడు తడబడతాడు.

"ఇంటిగుట్టు లంకకు చేటు" అన్నప్పుడు విభీషణుడికి గుట్టు తెలుసు, అందుకే చేటు. ఇక్కడ ఇంట్లోవారికే గుట్టు తెలియకుండా కట్టడి చేశారు. బాంబు తయారీకి సైన్యం తరఫున అధిపతి అయిన జనరల్ గ్రోవ్స్ పట్టుబట్టి నడిపించిన పద్ధతి అది. ఉపాధ్యక్షుడిగా ఉన్న ట్రూమన్‌కు కూడా, 1945 ఏప్రిల్ 12న అధ్యక్షుడయ్యాకే అసలు విషయం చెప్పారు. "లోగుట్టు పెరుమాళ్లకెరుక" అనే సామెతే దీనికి దగ్గర.

ఇక 'విభాగీకరణ'. పనిని ముక్కలు చేయడమే అందులో వినిపిస్తుంది. పక్క ముక్క కనిపించకుండా చేయడం వినిపించదు. ఆఫీసులో సెక్షన్లు పెట్టినా విభాగీకరణే కదా. నేనైతే 'అర' అంటాను. పోపులపెట్టెలో ఆవాల అర, జీలకర్ర అర పక్కపక్కనే ఉంటాయి, గోడ మధ్యలో ఉంటుంది. అన్నీ ఒక్కసారి కనిపించేది పైనుంచి చూసేవారికే. ఈ అరను చూసి 'అరమరిక'ను మాత్రం ఇక్కడికి లాగకండి. అది మనసు విప్పకపోవడం, మనుషుల మధ్య మాట. అది బాంబును రూపొందించిన ప్రయోగశాల ఉన్న లాస్ ఆలమోస్‌కు పనికొస్తుంది: ప్రయోగశాల డైరెక్టర్ ఓపెన్‌హైమర్ అక్కడి శాస్త్రవేత్తలను సమావేశపరిచి అరమరికలు లేకుండా చర్చించుకోనిచ్చాడు.

మీ వాక్యాన్ని ఇలా మార్చండి: "విషయాన్ని అరలుగా పంచి, ఎవరి అర వారికే తెలిసేలా కట్టడి చేశారు, తాము చేస్తున్నది బాంబు పని అని ఓక్ రిడ్జ్ కార్మికుల్లో చాలామందికి తెలియనివ్వలేదు."