మజ్జ పరీక్షకు మత్తు సరే, ఇంటికి తీసుకెళ్లేదెవరు?

తమ్ముడూ, పరకాల నుంచి అమెరికాలోని ఆస్టిన్ వచ్చి ఏడాది కూడా కాలేదన్నావు. ప్లేట్‌లెట్లు తగ్గాయని బోన్ మారో బయాప్సీ, అంటే ఎముక లోపలి మజ్జ తీసి చూసే పరీక్ష, రాశారు. లోకల్ (ఆ చోటు ఒక్కటే మొద్దుబార్చే ఇంజెక్షన్) చాలా, సెడేషన్ (మగతగా ఉంచే మత్తు) అడగాలా అని నీ సందేహం. నిన్ను ఇంటికి తీసుకెళ్లేదెవరో ముందు చెప్పు. నీ మెయిల్‌లో ఆ ముక్కే లేదు.

నేనూ హనుమకొండ వాణ్నే. డాలస్ వచ్చిన రెండో ఏడు నాకూ ఇదే పరీక్ష పడింది. సెడేషన్ కావాలని ఫోన్‌లో దర్జాగా చెప్పాను. వెంట ఎవరొస్తారంటే 'ఫ్రెండ్' అన్నాను. ఏ ఫ్రెండూ లేడు. ఆఫీసులో చెబితే ఉద్యోగానికి ఎసరని భయం, తెలుగువాళ్లకు చెబితే వారం తిరక్కుండా అమ్మకు తెలిసిపోతుందని భయం. ఆ పొద్దున ఖాళీ కడుపుతో ఒక్కణ్నే క్యాబ్‌లో వెళ్లాను. నర్సు ఫ్రెండ్ నంబరు అడిగింది. క్యాబ్‌లోనే పోతానన్నాను. మత్తు ఇస్తే తెలిసినవాళ్లు ఒకరు వెంట ఉండాల్సిందే, క్యాబ్ డ్రైవర్ లెక్కలోకి రాడంది. మన వరంగల్‌లో ఒకరు మంచం పడితే నలుగురు టిఫిన్ డబ్బాలతో వచ్చి కూర్చుంటారు, పొమ్మన్నా పోరు. అక్కడ ఒక్క మనిషి దొరక్క లోకల్‌తోనే చేయించుకున్నాను.

నొప్పి సంగతి దాచను. బోర్లా పడుకోబెట్టి, నడుము కింద తుంటి ఎముక వెనక భాగంలో లిడోకెయిన్ అనే ఆ లోకల్ ఇంజెక్షన్ ఇస్తారు. కాసేపు చుర్రుమంటుంది. చర్మం, ఎముక పైపొర మొద్దుబారతాయి కానీ ఎముక లోపల దాని పని సాగదు. తర్వాత అసలు సూదిని తిప్పుతూ దింపుతుంటే మా చేలో బోరు వేసినప్పటి అదురు గుర్తొచ్చింది. అది నొప్పి కన్నా ఒత్తిడే. సిరంజితో మజ్జ లాగినప్పుడు మాత్రం తొడ దాకా లోపల దారం పెట్టి గుంజినట్టు జివ్వుమంది. కొన్ని సెకన్లే, కానీ మంచం మీద పరిచిన కాగితం నా పిడికిట్లో చిరిగింది. పదిలో ఎంత నొప్పి అంటే మొహమాటానికి రెండన్నాను. నువ్వు ఎనిమిదైతే ఎనిమిదని చెప్పు, ఆగి ఇంకాస్త లోకల్ వేస్తారు.

చాలామంది లోకల్‌తోనే గట్టెక్కుతారు, అరగంట పని. బాగా టెన్షన్ పడేవాడివైతే ముందుగా వేసుకునే లోరాజెపామ్ లాంటి మాత్ర అడిగి చూడు. అది వేసుకున్నా కారు నడపకూడదు. సెడేషన్ అంటే సాధారణంగా నరంలోకి మిడజోలం, ఫెంటానిల్ ఇస్తారు. పూర్తిగా నిద్రపోవు, కానీ జరిగింది చాలావరకు గుర్తుండదు. ఎన్ని గంటల ముందు తినడం ఆపాలి, ఏ మందులు మానాలి అన్నది వాళ్లిచ్చే కాగితంలో ఉంటుంది. మత్తు బిల్లు వేరుగా రావచ్చు, ఇన్సూరెన్స్ కార్డు వెనక నంబరుకు ఫోన్ చేసి కనుక్కో. ఇవన్నీ మీ తరానికి ఒకరు చెప్పాలా? మీకు రానిదల్లా పక్క గది తలుపు కొట్టడమే.

రెండేళ్లకు మళ్లీ చేయాలన్నారు. ఈసారి సిగ్గు వదిలి కింది ఫ్లోర్‌లో ఉండే కరీంనగర్ అన్నను అడిగాను. అప్పటిదాకా లిఫ్ట్ దగ్గర తలూపుకోవడమే. లీవు పెట్టి వచ్చాడు. సెడేషన్ తీసుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు కార్లో "అన్నా, చౌరస్తా దగ్గర దింపు, నడిచిపోతా" అని మూడుసార్లు అన్నానట. "చౌరస్తా ఇంకా రాలేదు, పడుకో" అన్నాడట ఆయన. నాకు ఒక్క ముక్కా గుర్తులేదు. వాళ్లింటికే తీసుకెళ్లి పచ్చిపులుసుతో అన్నం పెట్టించాడు. మర్నాటి దాకా కట్టు తడవకుండా చూసుకున్నాను, నొప్పికి టైలెనాల్ (మన పారాసిటమాలే) సరిపోయింది. నీకు ప్లేట్‌లెట్లు తక్కువ కాబట్టి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి మాత్రం సొంతంగా పోకు.

రూమ్మేట్లతో పెద్దగా మాటల్లేవని రాశావు. ఈ రాత్రే అడుగు, లైసెన్స్ ఎవరికుందో కూడా కనుక్కో. ఎవరికీ కుదరకపోతే నాకు తేదీ పంపు. డాలస్ నుంచి మీ ఊరు మూడు గంటలే, హనుమకొండ నుంచి హైదరాబాద్ పోయినంత.