గ్రేడెడ్ పూతల మీద స్పర్శను కొలవబోయే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పరిశోధన ప్రణాళికను శ్రద్ధగా చదివాను. ఉపరితలం దగ్గర గట్టిగా ఉండి, లోపలికి వెళ్లేకొద్దీ క్రమంగా ఉక్కు గుణానికి చేరువయ్యే సిరామిక్ పూతను ఉక్కు మీద 5 మైక్రాన్ల మందాన వేయించి, సన్నని మొనతో నొక్కి బలాన్నీ లోతునూ కొలిచే నానో ఇండెంటేషన్‌తో ఆ పూత స్థితిస్థాపక గుణకాన్ని (బలానికి రూపు మారకుండా నిలిచే బిగువు కొలతను) కొలుస్తానని రాశావు. అటువంటి పూతకు ఒకే గుణకం ఉండదు. యంత్రం ఇచ్చే ప్రతి సంఖ్యా ఏ పరిమాణపు స్పర్శతో వచ్చిందో దానికే చెందుతుంది. కాబట్టి యంత్రం దగ్గరకు వెళ్లకముందే స్పర్శా వ్యాసార్థానికీ (మొన పూతను తాకే వృత్తపు వ్యాసార్థానికీ) పూత మందానికీ ఉన్న నిష్పత్తిని లెక్క వేసుకో.

రెండు వస్తువుల స్పర్శ గురించి భౌతిక శాస్త్రవేత్త హెర్ట్జ్ 1882లో ప్రచురించిన సూత్రాలు అంతటా ఒకే గుణమున్న పదార్థాలకు చెందినవే అయినా, తొలి అంచనాకు అవే చాలు. తాకే రెండు వస్తువుల సంయుక్త గుణకం 150 గిగాపాస్కల్స్ అనుకుని, 10 మైక్రాన్ల వ్యాసార్థమున్న గోళాకారపు మొనను 10 మిల్లీన్యూటన్ల బలంతో నొక్కితే స్పర్శా వ్యాసార్థం సుమారు 0.8 మైక్రాన్లు వస్తుంది. గరిష్ఠ షియర్ ప్రతిబలం (పదార్థపు పొరలను ఒకదానిపై ఒకటి జార్చే లోపలి ఒత్తిడి) ఉపరితలం మీద కాక, స్పర్శా వ్యాసార్థంలో దాదాపు సగం లోతున ఏర్పడుతుంది గనుక, ఈ పరీక్షలో నీకు తెలిసేది ముఖ్యంగా పూత పైభాగం గురించే. అదే 1 మిల్లీమీటరు వ్యాసార్థమున్న గోళాన్ని 10 న్యూటన్లతో నొక్కితే స్పర్శా వ్యాసార్థం సుమారు 37 మైక్రాన్లు అవుతుంది, గరిష్ఠ షియర్ 18 మైక్రాన్ల లోతుకు, అంటే పూతను దాటి ఉక్కులోకి దిగుతుంది. అప్పుడు స్పర్శ మధ్యలో పీడనం 3.5 గిగాపాస్కల్స్ దాకా ఉంటుంది. కానీ 1 గిగాపాస్కల్ దగ్గర శాశ్వతంగా రూపు మారే ఉక్కు, గోళపు స్పర్శలో పీడనం దానికి 1.6 రెట్లు చేరగానే లోలోపల లొంగడం మొదలుపెడుతుంది. అడుగున ఉక్కు దిగిపోతే పైన పూత వంగి, వలయాలుగా పగులుతుంది. ఆ పగుళ్లను చూసి పూత బలహీనమైనదని తేల్చేవారిని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే అక్కడ లోపం పూతది కాదు, ఆధారానిది, అంటే కింది ఉక్కుది.

ఇండెంటేషన్ లోతు పూత మందంలో పదోవంతు మించకపోతే ఆధారం ప్రభావం ఉండదని నీకు ఎవరో చెప్పి ఉంటారు. ఆ నియమం గట్టితనానికి సంబంధించినది. స్థితిస్థాపక క్షేత్రం అంతకంటే చాలా దూరం వ్యాపిస్తుంది కనుక గుణకం విషయంలో దానిమీద ఆధారపడవద్దు. కనీసం మూడు వేర్వేరు వ్యాసార్థాల గోళాలతో, పదార్థం స్థితిస్థాపక హద్దు దాటని బలాల దగ్గర కొలిచి, బలాన్నీ లోతునూ లాగరిథమిక్ అక్షాల మీద గీసి చూడు. అంతటా ఒకే గుణమున్న పదార్థానికి ఆ రేఖ వాలు 1.5 ఉంటుంది. గుణకం లోతు యొక్క k ఘాతంగా పెరిగే పదార్థంలో వాలు (3+k)/2 అవుతుంది. 1967లో గిబ్సన్ నేలల గురించి పరిశీలించినట్లు గుణకం లోతుతో సరళంగా పెరిగితే వాలు 2 దాకా వెళ్తుంది. నీ పూతలో గుణకం కిందికి తగ్గుతోంది కాబట్టి వాలు 1.5 కంటే తక్కువ రావాలి. రాకపోతే ముందుగా ఉపరితలపు గరుకుతనాన్నీ మొన ఆకారాన్నీ అనుమానించు. అయితే పూత మందానికి హద్దు ఉంది గనుక, స్పర్శా వ్యాసార్థం మందం కంటే బాగా చిన్నగా ఉన్న భాగంలోనే ఈ వాలును నమ్మాలి.

నీ ప్రణాళికలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది మార్పు దిశ. పైన గట్టిగా, కింద మెత్తగా అన్నది అరుగుదలకు సరిపోవచ్చు కానీ, పెళుసు పదార్థాల్లో స్పర్శ అంచు దగ్గర పుట్టే శంకువు ఆకారపు పగుళ్లకు విరుగుడు దీనికి వ్యతిరేక దిశలో దొరికింది. ఐఐటీ మద్రాసులో చదివిన సుబ్రా సురేశ్, ఆయన సహచరులు 1990ల చివర్లో అల్యూమినాలోకి గాజును చొప్పించి, ఉపరితలం దగ్గర గుణకం తక్కువగా, లోతుకు పోయేకొద్దీ ఎక్కువగా ఉండేలా చేశారు. వట్టి అల్యూమినానూ వట్టి గాజునూ పగలగొట్టిన స్పర్శకు ఆ నమూనా పగలలేదు. అంచు దగ్గరి లాగుడు ప్రతిబలం తగ్గి, భారం లోపలికి మళ్లడమే దీనికి కారణం. రెండు పదార్థాల ఉష్ణ వ్యాకోచాలు దగ్గరగా ఉండేలా ఎంచుకున్నందున అవశేష ప్రతిబలాల ప్రభావం కలగలిసిపోలేదు. నీ సిరామిక్‌కూ ఉక్కుకూ వ్యాకోచాలు వేరు కాబట్టి, వేడి మీద వేసిన పూత చల్లారాక మిగిలే ప్రతిబలాన్ని ఎక్స్-రే వివర్తనంతో విడిగా కొలిచి, ఆ తర్వాతే పగుళ్ల కారణం గురించి రాయి.

వస్తువును చిన్న చిన్న ముక్కలుగా విడదీసి కంప్యూటర్‌తో లెక్కించే పరిమిత మూలక నమూనాలో గుణకాన్ని పొరలుగా మెట్లు మెట్లుగా ఇస్తే, ప్రతి మెట్టు దగ్గరా నిజంగా లేని ప్రతిబలపు దూకుళ్లు కనిపిస్తాయి. ప్రతి గణన బిందువు దగ్గరా లోతును బట్టి గుణకం మారేలా రాయి. ముందుగా మార్పును సున్నా చేసి, హెర్ట్జ్ జవాబు వస్తుందో లేదో సరిచూడు. మూడు గోళాల గ్రాఫులూ సిద్ధమయ్యాక, సగటు తీయని ముడి దత్తాంశంతో సహా నాకు పంపించు.

శుభాశీస్సులతో.