లెగాటో రావడం లేదన్నావుగా, అందుకే ఈ ఉత్తరం

చిన్నీ,

నువ్వు పంపిన పియానో రికార్డింగ్ విన్నాను. స్వరాలు సరిగ్గానే పడుతున్నాయి, తాళం బాగుంది, కానీ మీ టీచర్ గారు లెగాటో లేదన్నది నిజమే, కీ వదిలినా శబ్దాన్ని ఆగనివ్వని ఆ పెడల్ తొక్కి నువ్వు దాన్ని కప్పేస్తున్నావు. కొన్నాళ్లు ఆ పెడల్ జోలికి వెళ్లకు. కీబోర్డులో రెవర్బ్, అంటే ప్రతిధ్వని ఎఫెక్ట్, ఉంటే అదీ ఆపేయి, నీ వేళ్లు ఏం చేస్తున్నాయో నీకే తెలియాలి.

లెగాటో అంటే స్వరాల మధ్య సందు లేకుండా కలిపి వాయించడం. వాటి మీద వంపు గీత ఉంటుందే, స్లర్, అది చెప్పేది ఇదే. (ఒకే స్వరాన్ని పక్కపక్కన రాసి గీతతో కలిపితే అది టై, రెండోది మళ్లీ నొక్కకూడదు.) మీ అమ్మ వయొలిన్ మీద కమాను తిప్పకుండా ఒకే లాగులో నాలుగైదు స్వరాలు పలికిస్తుంది చూడు, అక్కడ అది తేలిక. పియానోలో సుత్తి తీగను కొట్టిన క్షణం నుంచే శబ్దం తగ్గిపోతూ ఉంటుంది, కీ వదిలావంటే తీగను ఆపే మెత్త, డ్యాంపర్, పడి ఆగిపోతుంది.

అంచేత చూసుకోవాల్సింది నొక్కే వేలిని కాదు, లేచే వేలిని. రెండో కీ పూర్తిగా దిగాకే మొదటి వేలు లేవాలి, అలాగని రెండూ చాలాసేపు కలిసి మోగినా అలుక్కుపోయినట్టు ఉంటుంది. రెండే స్వరాలు తీసుకుని, బాగా నెమ్మదిగా, ఆ మారే చోటు వింటూ వాయించు. అది కుదిరాక ఐదు స్వరాలు, తర్వాత స్కేలు, అంటే వరసగా ఎక్కి దిగే స్వరాలు. పియానో స్వరకర్త షోపాన్ తన శిష్యులకు సి మేజర్ స్కేలు కాకుండా బి మేజర్ స్కేలు ముందు నేర్పేవాడు, పొడుగు వేళ్లు నల్ల కీల మీద సహజంగా కూర్చుంటాయని. నువ్వూ దాంతోనే మొదలుపెట్టు. బొటనవేలు కిందనుంచి వచ్చేచోట తెగిపోతుంది నీకు, ఏ స్వరానికి ఏ వేలో పెన్సిల్‌తో రాసుకుని, రోజూ అవే వేళ్లు వాడు.

వేళ్లు కుదిరినా చెవి లేకపోతే లాభం లేదు. పొడుగు స్వరం ఒకటి మోగి మోగి తగ్గింది అనుకో, తర్వాతి స్వరాన్ని నువ్వు మొదటి బలంతోనే కొడుతున్నావు, సందు లేకపోయినా అతుకు తెలిసిపోతోంది. అది తగ్గి ఎక్కడికి వచ్చిందో విని, అక్కడినుంచి ఎత్తుకోవాలి. నన్నడిగితే అసలు లెగాటో ఇదే. ఆ వరస ముందు గొంతుతో పాడి చూడు, నీకే అర్థమవుతుంది.

స్వరాల మీద స్లర్ గీత ఏదీ లేనప్పుడు ఎలా అని అడిగావు. అది ఏ కాలపు సంగీతమో చూడాలి. 1753లో స్వరకర్త సి.పి.ఇ. బాఖ్, కలపమనీ తెంచమనీ గుర్తు లేని స్వరాన్ని దాని నిడివిలో సగమే పట్టుకోమన్నాడు. 1801 నాటికి మరో స్వరకర్త క్లెమెంటి, సందేహంగా ఉంటే ఎక్కువగా లెగాటోనే వాయించమని రాశాడు. మోట్సార్ట్ వాయింపు తెగ్గొట్టినట్టు ఉండేదని తన గురువు బీథోవెన్ అన్నాడని చెర్నీ చెప్పాడు కూడా. కాబట్టి నీ గ్రేడ్ పుస్తకంలో బాఖ్ ముక్కకీ, షోపాన్ ముక్కకీ ఒకే పద్ధతి పెట్టకు.

పెడల్ చివర్లో. తీగల శబ్దాన్ని కలపడానికి కార్డ్ (ఒకేసారి నొక్కే కొన్ని స్వరాలు) నొక్కాక తొక్కాలి, కొత్త కార్డ్ నొక్కుతూనే పైకి వదిలి, మళ్లీ తొక్కాలి. ముందు ఆ రెండు స్వరాలూ, బి మేజరూ పెడల్ లేకుండా రికార్డ్ చేసి పంపు.

మీ పెదనాన్న