నర్సులు ఎక్కువుంటే ఆసుపత్రిలో రోగులు పడిపోవడం తగ్గుతుందా?

నెల్లూరు నుంచి నాన్నగారిని మోకాలి ఆపరేషన్‌కు చెన్నై తీసుకెళ్తున్నామని, నర్సులు ఎక్కువున్న చోటైతే పడిపోయే భయం తగ్గుతుందా అని అడిగారు.

తగ్గొచ్చు, కానీ తలలు లెక్కపెడితే చాలదు. అమెరికాలో 2004 నాటి లెక్కలతో 636 ఆసుపత్రుల్ని పోల్చి చూశారు. నర్సింగ్‌లో మేటి అని ‘మ్యాగ్నెట్’ గుర్తింపు పొందిన చోట్ల పడిపోవడాలు 5 శాతం తక్కువ. ఐసీయూల్లో ఒక్కో రోగికి రోజుకు రిజిస్టర్డ్ నర్సు సమయం గంట ఎక్కువున్న చోట 3 శాతం తక్కువ. మామూలు వార్డుల్లో మాత్రం నర్సు సహాయకుల గంటలు ఎక్కువున్న చోట పడిపోవడాలు కాస్త ఎక్కువే! (లేవలేని రోగులున్న చోటే వాళ్లను ఎక్కువగా పెడతారేమో. ఇది నా ఊహ.)

కాబట్టి బిల్డింగ్ హంగు చూడకండి. రాత్రి షిఫ్టులో వార్డుకు సహాయకులు కాక రిజిస్టర్డ్ నర్సులు ఎంతమంది ఉంటారో అడగండి. చాలామంది పడేది బాత్రూమ్‌కు లేచేటప్పుడే. పిలిచే బెల్ మంచం మీంచి చేతికందుతోందా, నేల తడిగా ఉందా చూడండి. తమిళం రాదని మొహమాటపడి పెద్దవాళ్లు ఒంటరిగా లేచేస్తారు. బెల్ నొక్కితే చాలు, మాట్లాడక్కర్లేదని నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి.