బీపీ ఎప్పటి నుంచి ఉన్నట్టు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 44 ఏళ్ళు, పర్లాకిమిడిలో బట్టల కొట్టు నడుపుతున్నాను. మా వీధిలో పెట్టిన క్యాంపులో చూస్తే బీపీ 152/96 అన్నారు. తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు. ఆ వారం లోను గొడవలో బాగా టెన్షన్ పడ్డాను, దానివల్లే వచ్చిందేమో అనుకుంటున్నాను. మా నాన్నగారికి 61వ ఏట పక్షవాతం వచ్చింది. మాత్ర మొదలుపెడితే ఇక జీవితాంతం మింగాలంటారు, అదే భయం.

జవాబు: బాధేమీ లేదు కాబట్టి బీపీ లేదనుకోకండి. అలాగని ఒక్కసారి చూసిన అంకెతో ఖాయం చేసుకోనూ వద్దు. టెన్షన్ పడినా, గబగబా నడిచొచ్చినా, చేతికి పట్టా కట్టినప్పుడు కబుర్లు చెబుతున్నా అంకె పెరుగుతుంది, కాసేపటికి దిగుతుంది. వేరువేరు రోజుల్లో రెండు మూడు సార్లు చూపించుకోండి. అరగంట ముందు నుంచీ టీ, బీడీ, గుడాకు (పళ్ళకి రుద్దుకునే పొగాకు ముద్ద) వద్దు. వీపు కుర్చీకి, పాదాలు నేలకి ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి, నోరు మెదపకూడదు. అప్పుడు కూడా పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ, ఆపైన గానీ వస్తుంటే అది టెన్షన్ కాదు, బీపీయే.

అలా తేలితే మాత్రం అది ఆ వారం పుట్టింది కాదు, ఏళ్ళ క్రితమే మొదలై ఉంటుంది. పెద్దవాళ్ళకొచ్చే బీపీలో నూటికి తొంభై మందికి పైగా ఫలానా కారణమని ఒక్కటి దొరకదు. తండ్రి వైపు నుంచి వచ్చినది కొంత, ఉప్పు కొంత, పొట్ట చుట్టూ చేరిన కొవ్వు, మద్యం అలవాటు, గట్టి గురకతో చెడిన నిద్ర, అన్నీ కలిసి పనిచేస్తాయి. ఉప్పు సంగతే చూడండి. తిన్న ఉప్పులో ఎక్కువైనది కిడ్నీలు బయటికి పంపాలి, కొందరి కిడ్నీలు ఆ పని నెమ్మదిగా చేస్తాయి, ఉప్పు నిలిస్తే దాంతోపాటు నీరూ నిలుస్తుంది, ఇక రక్తంలో ఒత్తిడి పెరిగితే గానీ ఆ ఉప్పు బయటికి పోని పరిస్థితి వస్తుంది. ఏళ్ళ తరబడి ఇదే జరిగితే సన్నటి రక్తనాళాలు ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి గోడల్ని మందం చేసుకుంటాయి. గోడ మందమైతే లోపలి దారి ఇరుకవుతుంది, దారి ఇరుకైతే గుండె ఇంకా గట్టిగా తోయాలి. అంటే బీపీయే బీపీని పెంచుతుంది.

మరి మీకు తెలియలేదేం? మెడలోని పెద్ద నాళాల్లో ఒత్తిడిని కనిపెట్టే నరాల చివరలు ఉంటాయి. బీపీ ఉన్నట్టుండి పెరిగితే అవి వెంటనే మెదడుకు చెబుతాయి, మెదడు దాన్ని దించుతుంది. కానీ ఎక్కువగానే ఉండిపోతే ఆ ఎక్కువకే అలవాటుపడి, 150ని మామూలు కింద జమకట్టేస్తాయి. ఈలోగా గుండె ఎడమ గది గోడ మందమవుతుంది, మూత్రంలో ప్రోటీన్ పోవడం మొదలవుతుంది, కంటి వెనక నాళాలు మారతాయి, మనిషి మాత్రం కొట్లో నిలబడి బట్టలు కొలుస్తూనే ఉంటాడు. అందుకే మీరు ఈసీజీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం, మూత్ర పరీక్ష, షుగర్ చేయించుకోండి, కళ్ళూ చూపించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో బీపీ, షుగర్ లాంటి అంటుకోని జబ్బుల్ని చూసే ఎన్‌సీడీ క్లినిక్‌లు ఇలాంటి వాళ్ళ కోసమే.

మాత్ర అలవాటవుతుందన్న భయం వదిలేయండి. మానేస్తే బీపీ మళ్ళీ పెరిగేది జబ్బు అక్కడే ఉండబట్టి, మాత్ర అలవాటై కాదు. మీ నాన్నగారికి జరిగింది తెలిసి కూడా మీరు వాయిదా వేయడం నాకు నచ్చలేదు. బరువు తగ్గి, రోజూ అరగంట నడిచి, ఉప్పు తగ్గించిన కొందరికి మాత్రల మోతాదు తగ్గించగలం, కానీ అది డాక్టరు చూసి చెప్పాలి, మీ అంతట మీరు మానకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు వాడమంటుంది, అంటే ఒక చిన్న చెంచా. మన గంజాం, గజపతి ఇళ్ళలో పొద్దున పఖాళలో (నీళ్ళు పోసిన చద్దన్నంలో) వేసుకునే ఉప్పు, నంజుకునే ఎండు చేప, మధ్యాహ్నం ఆవకాయ, పక్కన బరంపురం అప్పడం, వీటితోనే ఆ చెంచా అయిపోతుంది, కూరలో వేసేది ఇంకా లెక్కలోకే రాలేదు. అన్నీ మానేయమనను. ఒక పూట ఒక్కటే పెట్టుకోండి.

ప్రశ్న: రాయగడ నుంచి రాస్తున్నాను. మా అమ్మకి 68 ఏళ్ళు, బీపీ ఎప్పుడు చూసినా 168/72 ఉంటోంది. కింది అంకె బాగానే ఉంది కదా, మందు అవసరమా అండి?

జవాబు: అవసరమే అమ్మా. వయసుతో పెద్ద రక్తనాళాల్లో సాగే గుణం తగ్గి, ఎండకి ఎండిన రబ్బరు గొట్టంలా బిరుసెక్కుతాయి. గుండె కొట్టినప్పుడు సాగవు కాబట్టి పై అంకె పెరుగుతుంది, ఆ తర్వాత వెనక్కి ముడుచుకుని రక్తాన్ని తోయలేవు కాబట్టి కింది అంకె పడిపోతుంది. యాభై దాటాక చాలామందికి కింది అంకె ఇలా దిగుతూనే ఉంటుంది, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. ఈ వయసులో పక్షవాతానికి పై అంకే ముఖ్యం. అమ్మగారిని పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి బీపీ చూడమనండి. నిలబడితే మరీ పడిపోయేవాళ్ళకి మందు తక్కువ మోతాదుతో మెల్లగా పెంచాలి, లేకపోతే తూలి పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. మోకాళ్ళ నొప్పులకి షాపులో అడిగి తెచ్చి నొప్పి మాత్రలు వేస్తున్నారేమో కూడా చూడండి, చాలా ఇళ్ళలో ఆ సంగతి డాక్టరుకి చెప్పరు. వాటిలో చాలావాటికి బీపీ పెరుగుతుంది.

ప్రశ్న: సైంధవ లవణం వాడితే బీపీ రాదంటున్నారు, నిజమేనా? (జయపురం)

జవాబు: కాదు. అందులో ఉన్నదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు వేరు, అది కొంత మేలు చేస్తుంది, కానీ కిడ్నీ జబ్బున్నవాళ్ళు, పొటాషియం పెంచే బీపీ మాత్రలు వాడేవాళ్ళు డాక్టరునడగకుండా ముట్టుకోకూడదు.