అమ్మాయిని వైజాగ్ పంపాలా, ఇంటి నుంచే ఉద్యోగం చూడాలా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. కిరాణా కొట్టు నడుపుతున్నాను. మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ ఆఖరి సంవత్సరం. క్యాంపస్‌లో వైజాగ్ కంపెనీ ఒకటి తీసుకుంది, వారానికి మూడు రోజులు ఆఫీసుకి రావాలట. ఇంకోపక్క ఒక ఆన్‌లైన్ సంస్థ, ఆరు నెలల డేటా అనలిటిక్స్ కోర్సు చేస్తే పూర్తి వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగం గ్యారంటీ అంటోంది. ఫీజు 80 వేలు. మళ్లీ కరోనా లాంటిది వస్తే పిల్ల ఇంట్లో ఉండటమే నయం కదా? రెండింట్లో ఏది మేలు?

జవాబు: ముందు ఆ 80 వేలు కట్టకండి.

రాయగడ, గుణుపురం, బరంపురం తల్లిదండ్రులు నన్ను 2021 నుంచీ ఇదే అడుగుతున్నారు. వైరస్ భయం కొంత ఉంటుంది, కాదనను. దాని కింద ఉన్న అసలు భయం పిల్ల ఒంటరిగా వేరే ఊళ్లో ఉండటం.

వర్క్ ఫ్రమ్ హోమ్ అనేది కోర్సు చేస్తే వచ్చే అర్హత కాదండీ. అది కంపెనీ ఇచ్చే వెసులుబాటు. ఇచ్చినవాళ్లే వెనక్కి తీసుకుంటారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే కంపెనీలు కంప్యూటర్లను ఉద్యోగుల ఇళ్లకు పంపించాయి. ఇంటి నుంచి పనిచేయడానికి అడ్డుగా కాల్ సెంటర్ల మీద ఉన్న ఆంక్షలను టెలికాం శాఖ ఆ నవంబరులో బాగా సడలించింది. 2025 నాటికి పాతిక శాతం మంది ఆఫీసులో ఉంటే చాలని టీసీఎస్ అప్పట్లో చెప్పింది. అదే టీసీఎస్ 2023 అక్టోబరు 1 నుంచి అయిదు రోజులూ ఆఫీసుకి రమ్మంది. ఇన్ఫోసిస్ కూడా ఆ నవంబరు నుంచి చాలామందిని నెలకు 10 రోజులు రమ్మంది. అంత పెద్ద కంపెనీల మాటే మూడేళ్లలో మారిపోతే, ఎవరో కోచింగ్ వాళ్లు ఇచ్చే గ్యారంటీ ఎన్నాళ్లు నిలుస్తుంది?

గుణుపురం అమ్మాయి ఒకామె నా దగ్గరికి వచ్చేది. 2021లో ఇంట్లోంచే ఉద్యోగంలో చేరింది. వంటింటి పక్క గదిలో బియ్యం బస్తాల మీద పలక వేసుకుని కూర్చునేది. కరెంటు పోతే లాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ కోసం డాబా ఎక్కేది. పని చేసింది, జీతం వచ్చింది. కానీ సందేహం వస్తే పక్క సీటు వాళ్లని అడగడానికి మనిషి లేరు. మెసేజ్ పెట్టి గంట ఎదురుచూడాలి. రెండేళ్లకి ఆఫీసుకి రమ్మని మెయిల్ వచ్చింది, గడువు పదిహేను రోజులు. ఆ హడావిడిలో హాస్టల్ వెతుక్కోవాల్సి వచ్చింది. మీ అమ్మాయికి ఇప్పుడు చేతిలో నెలలు ఉన్నాయి.

ఇక ఆ కోర్సు సంగతి. డేటా అనలిటిక్స్ మంచి పనే, నేర్చుకోవచ్చు. నా అనుమానమంతా 'ఇంటి నుంచే, గ్యారంటీ' అన్న మాట మీద. పూర్తిగా ఇంటి నుంచి చేసే పని ఎక్కువగా అనుభవం ఉన్నవాళ్లకే ఇస్తారు. కొత్తవాళ్లకు పని నేర్పాలి, పక్కన కూర్చోబెట్టుకోవాలి. గ్యారంటీ అన్నదాన్ని ఆ సంస్థని కాగితం మీద రాసిమ్మనండి, ఉద్యోగం రాకపోతే డబ్బు తిరిగిస్తారా అని అడగండి. నేను చూసిన కాగితాల్లో చివరికి మిగిలేది 'ప్లేస్‌మెంట్ సహాయం' అన్న రెండు మాటలే.

ఒక మాట కటువుగా చెప్తాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో అమ్మాయికి ఏం ఇష్టమో ఒక్క ముక్క లేదు. నాలుగేళ్లు చదివి, ఇంటర్వ్యూ గట్టెక్కి తెచ్చుకున్న ఉద్యోగం అది. మీ భయం పోగొట్టడానికి దాన్ని వదులుకోమంటారా? అదే అబ్బాయైతే ఈ ప్రశ్న అడిగేవారా?

మళ్లీ మహమ్మారి వస్తే అన్నారు. నాకు తెలిసిన పిల్లల్లో 2020లో ఎక్కువ నలిగింది ఆఫర్ ఉండి ఇంకా చేరనివాళ్లు. జాయినింగ్ నెలల తరబడి వాయిదా పడింది. అప్పటికే చేరి పని తెలిసినవాళ్లను లాప్‌టాప్ ఇచ్చి ఇంటికి పంపారు. మళ్లీ అలాంటిది వస్తే కంపెనీలకు ఈసారి ఆ దారి తెలుసు. కాబట్టి ముందు ఉద్యోగంలో చేరి ఉండటమే మీ అమ్మాయికి రక్షణ.

పోలిక అడిగారు గానీ, నా దృష్టిలో ఇక్కడ పోల్చడానికి పెద్దగా ఏమీ లేదు. చేరేముందు హెచ్‌ఆర్‌ని కొన్ని అడగమనండి: ఆ మూడు రోజుల మాట ఆఫర్ లెటర్‌లో ఉందా, హాజరు తగ్గితే వేరియబుల్ పే (జీతంలో ఎక్కువతక్కువలయ్యే భాగం) కోస్తారా, రాత్రి షిఫ్టుకి క్యాబ్ ఉందా, ఆరోగ్య బీమా మొదటి రోజు నుంచే వర్తిస్తుందా. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. అందులో ఎవరున్నారో కూడా కనుక్కోమనండి.

మీరు కొట్టు ఒక రోజు మూసి అమ్మాయితో వైజాగ్ వెళ్లండి. హాస్టల్ గది చూడండి, అక్కడి భోజనం తినండి, ఆఫీసు దాకా ఆమెతో బస్సులో వెళ్లండి. వైజాగ్ నుంచి గుణుపురం ప్యాసింజర్ ఎక్కితే ఎక్కడా మారకుండా మీ ఊళ్లోనే దిగొచ్చు. ఆఫీసు లేని రోజులు శని, ఆదివారాలకు కలిసొస్తే అమ్మాయి ఇంటికి వచ్చి వెళ్తుంటుంది.